పక్షవాతం ఎప్పుడు మొదలైందో స్కాన్ చెప్పగలదా?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తెస్తే, క్యాజువాలిటీలో డాక్టరు ఒక పక్క బీపీ చూస్తూనే ఇంకో పక్క ఇంటివాళ్లను అడుగుతారు: "చివరిసారి ఎప్పుడు బాగున్నాడమ్మా?" కర్నూలు జిల్లా పల్లెల నుంచి వచ్చినవాళ్ల జవాబు చాలాసార్లు ఇలా ఉంటుంది: "రాత్రి బువ్వ తిని మిద్దె మీద పండుకున్యాడు సార్. తెల్లారి లేపితే మాట లేదు. కుడి చెయ్యి, కాలు పడిపోయినాయి."

ఆ ఒక్క జవాబుతో వైద్యం చిక్కులో పడుతుంది. ఆయన పడుకున్నది రాత్రి 9 గంటలకు. ఇంట్లోవాళ్లు చూసింది తెల్లవారి 5 గంటలకు. మెదడులో రక్తనాళం మూసుకుపోయింది పదింటికో, రెండింటికో, నాలుగున్నరకో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు డాక్టర్లు అన్నిటికంటే చెడ్డ లెక్కే వేసుకోవాలి. అంటే చివరిసారి బాగున్నట్టు చూసిన 9 గంటల నుంచే లెక్క మొదలు. ఆదోని వైపు నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. బండి మాట్లాడుకుని చేరేసరికి 8 అయిందనుకోండి, కేస్ షీట్ మీద 11 గంటలు గడిచినట్టు. నిజంగా గడిచింది మూడున్నర గంటలే కావచ్చు. నాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న మామూలు గడువు నాలుగున్నర గంటలు.

ఈ తెలియని సమయాన్ని స్కాన్ చిత్రంలోంచి రాబట్టగలమా అన్న ప్రశ్నను కొన్నేళ్లుగా మెషిన్ లెర్నింగ్ (ఉదాహరణలు చూపించి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు నేర్పడం) పరిశోధకులు పట్టుకున్నారు. ఈ వ్యాసంలో యంత్రం అంటే అలా నేర్చుకున్న ప్రోగ్రామే. "పక్షవాతం ఎప్పుడొచ్చిందో చెప్పే ఏఐ" అని పేపర్లో నాలుగు లైన్లు వచ్చిపోతాయి గానీ, లోపల చాలా మెలికలున్నాయి. రాయలసీమ లాంటి చోట అది ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోవాలంటే ఆ మెలికలు విప్పాల్సిందే.

గడువు ఎందుకు పెట్టారు

పక్షవాతం ప్రధానంగా రెండు రకాలు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి మెదడుకు రక్తం అందకపోవడం ఒకటి, నాళం చిట్లి రక్తం కారడం రెండోది. మొదటి రకమే ఎక్కువ. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి, కాలు పడిపోవడం, మాట తడబడటం. అందుకే ముందు సీటీ స్కాన్ తీసి రక్తం కారలేదని రూఢి చేసుకున్నాకే గడ్డ కరిగించే మందు సంగతి ఆలోచిస్తారు. ఈ వ్యాసంలో చెప్పేదంతా గడ్డ అడ్డుపడే రకం గురించే.

1995లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఈ మందు ఇస్తే ఎక్కువమంది తమ పనులు తాము చేసుకునేలా కోలుకున్నారు. 2008లో యూరప్‌లో జరిగిన మరో పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. అయితే 1995 పరీక్షలోనే ఇంకో అంకె కూడా ఉంది. మందు ఇచ్చినవాళ్లలో 6.4 శాతం మందికి మెదడులో ప్రమాదకరంగా రక్తస్రావం అయింది. ఇవ్వనివాళ్లలో అది 0.6 శాతమే. రక్తం అందక చాలాసేపు మాడిన భాగంలో నాళాల గోడలు కూడా పాడైపోతాయి. అప్పుడు గడ్డ కరిగి రక్తం ఒక్కసారిగా లోపలికి వస్తే ఆ గోడలు తట్టుకోలేవు. ఆలస్యమయ్యేకొద్దీ లాభం తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు అంత గట్టిగా టైము అడగడానికి కారణం ఇదే. ఆ ప్రశ్నకు విసుక్కోకూడదు.

అసలు సమయం తెలియనివాళ్లు ఎంతమంది? నిద్రలో వచ్చినవాళ్లు, ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోయినవాళ్లు, మాట పోయి తమకేం జరిగిందో తాము చెప్పలేనివాళ్లు. గడ్డ అడ్డుపడే పక్షవాతాల్లో వీళ్లు సుమారు ఐదో వంతు ఉంటారని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. పైగా తెల్లవారుజామున బీపీ పెరిగే వేళ స్ట్రోకులు ఎక్కువగా వస్తాయని చాలాకాలంగా తెలుసు. కాబట్టి నిద్రలేచేసరికి పక్షవాతంతో ఉన్నవాళ్లలో చాలామందికి అది వచ్చి ఎంతోసేపు అయి ఉండదు. కాగితం మీది లెక్క వల్ల మందుకు దూరమయ్యేవాళ్లలో నిజంగా మందుకు తగినవాళ్లు ఉన్నారన్నమాట. నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇదే.

మెదడులో మిగిలే ఆనవాళ్లు

రక్తం ఆగిపోయిన నిమిషాల్లోనే మెదడు కణాలకు శక్తి అందదు. ప్రతి కణం గోడకూ సోడియాన్ని బయటికి తోడే పంపులుంటాయి. శక్తి లేక అవి ఆగిపోతాయి. సోడియం లోపల చేరుతుంది, దాని వెనకే నీళ్లు వస్తాయి, కణం ఉబ్బుతుంది. కణాలు ఉబ్బేసరికి వాటి మధ్య ఉన్న సందులు ఇరుకైపోయి నీటి అణువులు ముందులా తిరగలేవు. ఎంఆర్‌ఐలో డిఫ్యూజన్ అనే చిత్రం సరిగ్గా ఈ కదలికనే కొలుస్తుంది. అందుకే స్ట్రోక్ వచ్చిన కొద్ది నిమిషాలకే ఆ చిత్రంలో తెల్లటి మచ్చ కనిపిస్తుంది.

ఇంకాసేపటికి రక్తనాళాల నుంచి కూడా ఆ భాగంలోకి నీరు వచ్చి చేరుతుంది. మొదట ఉన్న నీరే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారింది, ఇప్పుడు మొత్తం నీరే పెరుగుతోంది. ఎంఆర్‌ఐలోనే ఫ్లెయిర్ అనే ఇంకో చిత్రం ఈ పెరిగిన నీటిని చూపిస్తుంది. అది కనపడటానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి డిఫ్యూజన్‌లో మచ్చ ఉండి, ఫ్లెయిర్‌లో ఇంకా ఏమీ కనిపించకపోతే స్ట్రోక్ కొత్తదని అనుకోవచ్చు. రెండింట్లోనూ మచ్చ ఉంటే గడువు దాటి ఉండవచ్చు.

ఈ ఆలోచన ఎంత నమ్మదగినదో 2011లో 543 మంది రోగుల స్కాన్లతో పరీక్షించారు. నాలుగున్నర గంటల్లోపు ఉన్నవాళ్లలో 62 శాతం మందిని ఈ తేడా పట్టుకుంది. గడువు దాటినవాళ్లలో 78 శాతం మందిని సరిగ్గా దాటినవాళ్లుగా గుర్తించింది. అంటే ఇంజెక్షన్‌కు తగినవాళ్లలో మూడో వంతు కంటే ఎక్కువమంది చేజారిపోయారు. అయినా ఇదే పద్ధతిని ఆధారం చేసుకుని యూరప్‌లో 503 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. సమయం తెలియకపోయినా ఈ తేడా కనిపించినవాళ్లకు మందు ఇస్తే, 90 రోజుల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు 53.3 శాతం. ఇవ్వనివాళ్లలో 41.8 శాతం. రక్తస్రావాలు, మరణాలు మాత్రం మందు తీసుకున్నవాళ్లలోనే కొంచెం ఎక్కువగా కనిపించాయి. గడియారం లేకపోయినా స్కాన్ చూసి వైద్యం చేయవచ్చని తేల్చిన పరీక్ష ఇది. దీని తర్వాత చికిత్స మార్గదర్శకాలు కూడా మారాయి.

చిక్కల్లా కళ్లతో చూసి చెప్పడంలో ఉంది. ఫ్లెయిర్‌లో లీలగా కనిపించే మసకను ఒక డాక్టరు మచ్చ అంటే ఇంకొకరు ఏమీ లేదంటారు. 2011 పరీక్షలో కూడా ఇద్దరు నిపుణుల మధ్య ఏకాభిప్రాయం ఓ మోస్తరుగానే కుదిరింది. అర్ధరాత్రి డ్యూటీలో ఒక్కరే ఉన్నచోట ఇది ఇంకా కష్టం.

యంత్రానికి ఏం నేర్పించారు

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో పరిశోధకులు 2020లో చేసిన పని చూస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. స్ట్రోక్ ఎప్పుడు మొదలైందో కచ్చితంగా తెలిసిన 355 మంది ఎంఆర్‌ఐలు తీసుకున్నారు. మచ్చ ఎంత పెద్దది, ఎంత ప్రకాశంగా ఉంది, ఆ ప్రకాశం లోపల ఎలా పరుచుకుంది, రెండు చిత్రాల మధ్య తేడా ఎంత అన్నవాటిని అంకెలుగా మార్చారు. ఫలానా అంకెలున్నవాళ్లు గడువు లోపలివాళ్లు, ఫలానా అంకెలున్నవాళ్లు దాటినవాళ్లు అని చాలామంది ఉదాహరణలు చూపించి నేర్పారు. నేర్చుకునేటప్పుడు చూపించని 56 మందిని పక్కన పెట్టుకుని, వాళ్ల మీద చివర్లో పరీక్ష పెట్టారు.

ఆ 56 మందిలో 33 మంది గడువు లోపలివాళ్లు. యంత్రం వాళ్లలో 25 మందిని పట్టుకుంది, కళ్లతో చూసిన నిపుణులు 16 మందిని. మిగతా 23 మంది గడువు దాటినవాళ్లు. వాళ్ల విషయంలో యంత్రం 19 మందిని, నిపుణులు 21 మందిని సరిగ్గా చెప్పారు. డాక్టర్లు జాగ్రత్తపరులు. అనుమానం ఉంటే వద్దు అంటారు. దాంతో తప్పుడు ఇంజెక్షన్లు తగ్గాయి, కానీ తగినవాళ్లలో సగం మందికి పైగా బయటే ఉండిపోయారు. యంత్రం ఆ సగాన్ని పావుకు తెచ్చింది. 56 మంది చాలా చిన్న సంఖ్య అని మాత్రం మరచిపోవద్దు. ఇద్దరు అటూ ఇటూ అయితే శాతాలు బాగానే మారిపోతాయి.

అమెరికాలో లాస్ ఏంజిల్స్ పరిశోధకులు కూడా అంతకుముందే ఈ దారిలో నడిచారు. వాళ్లు మచ్చను మనుషులు అంకెలుగా మార్చకుండా, రక్తప్రసరణ చిత్రాల్లో ఏ లక్షణాలు ముఖ్యమో యంత్రాన్నే వెతుక్కోమన్నారు.

ఇదంతా ఎంఆర్‌ఐ సంగతి. మన దగ్గర అసలు ప్రశ్న సీటీది. తలకు సీటీ తీయడం నిమిషం పని, ఎంఆర్‌ఐకి చాలా ఎక్కువసేపు కదలకుండా పడుకోవాలి. సీటీ ఉన్న ఊళ్లు ఎక్కువ, ఎంఆర్‌ఐ రాత్రిపూట నడిచే ఊళ్లు తక్కువ. అందుకే సీటీ మీద జరిగిన పని దగ్గర కొంచెం ఆగుతాను.

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. సీటీ స్కానర్‌ను తయారు చేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలతకు పెట్టారు. ఆయనకు 1979లో నోబెల్ వచ్చింది. ఆ కొలతలో నీరు సున్నా, గాలి మైనస్ 1000, మెదడు కణజాలం సుమారు 25 నుంచి 40 మధ్య. స్ట్రోక్ వచ్చిన భాగంలో నీరు చేరేకొద్దీ దాని అంకె నీటి వైపుకు, అంటే కిందికి జారుతుంది. బాగున్న పక్క 32 ఉండి, దెబ్బతిన్న పక్క అదే చోట 30 ఉందనుకోండి, తేడా ఆరు శాతం. ఈ తేడా కంటికి ఆనదు. బూడిద రంగులో అంత స్వల్ప మార్పును మనిషి కన్ను పట్టుకోలేదు, కానీ అంకెల్లో అది స్పష్టంగా ఉంటుంది. ఈ తేడా గంటగంటకూ పెరుగుతుంది కాబట్టి దాన్నే గడియారంలా వాడవచ్చని 2016లో జర్మనీ పరిశోధకులు చూపించారు.

2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు మ్యూనిక్, ఎడిన్‌బరో సహచరులతో కలిసి ఇంకో అడుగు ముందుకేశారు. సమయం తెలిసిన 800 సీటీ స్కాన్లతో ఒక డీప్ లెర్నింగ్ మోడల్‌ను, అంటే చిత్రాల్లోంచి తానే నేర్చుకునే ప్రోగ్రామ్‌ను తయారు చేసి, అది ఎప్పుడూ చూడని 1,945 మంది స్కాన్లపై పరీక్షించారు. నీటి తేడా ఒక్కటే చూసే పాత పద్ధతి, మనుషుల మధ్య సమయంలో కనిపించే హెచ్చుతగ్గుల్లో 32 శాతం వివరించగలిగితే, కొత్త మోడల్ 58 శాతం వివరించింది. రెట్టింపుకు దగ్గర. మిగతా 42 శాతం మాత్రం దానికీ అంతుపట్టలేదు.

గడియారం ఒకటి చెబితే మెదడు ఇంకోటి

ఆ లండన్ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది వేరే ఫలితం. స్ట్రోక్‌లో రక్తం ఆగిన చోట అప్పటికే చచ్చిపోయిన భాగం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ పని ఆగిపోయినా ఇంకా ప్రాణంతో ఉన్న భాగం ఉంటుంది, రక్తం అందిస్తే అది బతుకుతుంది. వైద్యం అంతా ఈ రెండో భాగం కోసమే. ఈ రెండిటి నిష్పత్తి ఎలా ఉందో ప్రత్యేక స్కాన్లతో కొలిచి, దానికీ వివిధ అంచనాలకూ సంబంధం చూశారు. నిజమైన గడియారపు సమయంతో సంబంధం బలహీనంగా ఉంది. పాత నీటి లెక్కతో కొంచెం మేలు. యంత్రం చెప్పిన సమయంతో అన్నిటికంటే ఎక్కువ, గడియారంతో పోలిస్తే మూడు రెట్లకు పైనే.

అంటే ఏమిటి? ఐదు గంటలైన స్ట్రోక్‌ను యంత్రం రెండు గంటలని చెప్పిందనుకోండి. గడియారం ప్రకారం అది తప్పు. కానీ ఆ మెదడు మిగతావాళ్ల మెదళ్లు రెండు గంటలప్పుడు ఎలా ఉంటాయో అలా ఉంది కాబట్టే యంత్రం అలా చెప్పి ఉండవచ్చు. దీన్నే పరిశోధకులు దెబ్బకున్న జీవసంబంధమైన వయసు అంటున్నారు.

కర్నూలు రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. వాన ఒకే రోజు ఆగిపోయినా ఎర్రనేల చేను ముందు తలవాలుస్తుంది, నల్లరేగడి చేను ఇంకా కొన్నాళ్లు నిలబడుతుంది. కింద తేమ ఎంత నిల్వ ఉందన్నదే తేడా. మెదడులో ఆ నిల్వ పక్క దారుల రక్తనాళాలు. అసలు నాళం మూసుకుపోయినా పక్క నుంచి సన్నటి నాళాలు కొంత రక్తం అందిస్తుంటే ఆ భాగం గంటల తరబడి బతికే ఉంటుంది. అవి సరిగ్గా లేనివాళ్లకు గంటలోనే చాలా భాగం పోతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు చస్తాయని 2006లో వచ్చిన లెక్కను అందరూ చెబుతుంటారు. అది సగటు మాత్రమే. నిమిషానికి 35 వేల కణాల నుంచి 2.7 కోట్ల కణాల దాకా మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని తర్వాతి అధ్యయనం ఒకటి చూపించింది. ఇంత తేడా ఉన్నచోట అందరికీ ఒకే గడువు పెట్టడం మొరటు కొలతే. వేరే దారి లేకనే అన్నేళ్లు దాన్ని వాడాం.

గడియారాన్ని పక్కన పెట్టి కణజాలాన్ని చూడాలన్న ఆలోచన నిలబడుతుందని ఇప్పటికే నిరూపణ ఉంది. 2018లో అచ్చయిన ఒక పరీక్షలో, చివరిసారి బాగున్నట్టు చూసి 6 నుంచి 24 గంటలైన 206 మందిని తీసుకున్నారు. లక్షణాల తీవ్రతతో పోలిస్తే స్కాన్‌లో చచ్చిన భాగం చిన్నగా ఉన్నవాళ్లను మాత్రమే ఎంచుకున్నారు. గజ్జల దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగితే 49 శాతం మంది సొంతంగా బతకగలిగే స్థితికి వచ్చారు. మామూలు వైద్యంతో 13 శాతమే. అయితే ఆ చికిత్సకు ప్రత్యేక ల్యాబు, శిక్షణ పొందిన బృందం కావాలి. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైనే. పెద్ద నగరానికి పంపాలా వద్దా అని తేల్చుకునే దగ్గర కూడా ఈ వయసు అంచనా పనికొస్తుంది. మెదడు ఇంకా నిలబడి ఉందని తెలిస్తే ఆ ప్రయాణానికి, ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

మన దగ్గరికి తెస్తే ఏమవుతుంది

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. ఏఐ కంపెనీల ప్రకటనల్లో ఈ లెక్క కనిపించదు.

సియోల్ యంత్రాన్నే ఉన్నదున్నట్టు తెచ్చి వాడామనుకుందాం. సమయం తెలియని వంద మంది వచ్చారు, వాళ్లలో 50 మంది నిజంగా గడువు లోపలివాళ్లు. యంత్రం వాళ్లలో సుమారు 38 మందిని పట్టుకుంటుంది. దాటిన 50 మందిలో 9 మందిని పొరపాటున లోపలివాళ్లంటుంది. అది "లోపలే" అన్న 47 మందిలో 38 మంది నిజం. ఫర్వాలేదు.

ఇప్పుడు అదే యంత్రాన్ని దూరాభారం ఎక్కువున్న చోట పెట్టండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కణ్ణుంచి తాలూకా ఆసుపత్రికి, అక్కణ్ణుంచి కర్నూలుకు వచ్చేసరికి వంద మందిలో 20 మందే గడువు లోపల మిగిలారనుకుందాం. యంత్రం ఆ 20 మందిలో 15 మందిని పట్టుకుంటుంది. దాటిన 80 మందిలో 14 మందిని తప్పుగా లోపలికి తెస్తుంది. ఇప్పుడు అది "లోపలే" అన్న 29 మందిలో సగం మందికి గడువు దాటిపోయింది. యంత్రం ఏమీ మారలేదు, దాని సామర్థ్యమూ మారలేదు. దాని ముందుకొచ్చిన మనుషులు మారారు. అందువల్ల సియోల్‌లో, లండన్‌లో వచ్చిన శాతాలను మన క్యాజువాలిటీకి నేరుగా వర్తింపజేయకూడదు.

రెండో ఇబ్బంది నేర్పించడంలోనే ఉంది. సమయం తెలిసినవాళ్ల స్కాన్లతోనే యంత్రానికి నేర్పగలం. వాడేది మాత్రం సమయం తెలియనివాళ్ల మీద. పక్కన మనిషి ఉండగా పగలు పడిపోయినవాడు, ఒంటరిగా నిద్రలో స్ట్రోక్ వచ్చినవాడు అన్నివిధాలా ఒకేలా ఉండరు. తీవ్రమైన స్ట్రోక్ వచ్చినవాళ్లను ఇంటివాళ్లు పరుగున తెస్తారు, స్వల్పంగా వచ్చినవాళ్లు "తగ్గుతుందిలే" అని ఆగిపోతారు. దీన్ని చూసి యంత్రం "పెద్ద మచ్చ అంటే కొత్త స్ట్రోక్" అని తప్పుడు పాఠం నేర్చుకునే ప్రమాదం ఉంది. బీపీ ఏళ్ల తరబడి అదుపులో లేక మెదడులో అప్పటికే పాత మచ్చలున్నవాళ్లు మనలో చాలామంది. పాత మచ్చను కొత్త దాంతో కలిపేసినా అంచనా తలకిందులవుతుంది. స్కానర్ పాతదైనా, తీసే పద్ధతి వేరైనా ఆ రెండు మూడు అంకెల తేడా స్కానర్ లోపంలోనే కలిసిపోతుంది.

సీటీ ఒక్కటే చూసి తొందరపడితే ఏమవుతుందో చెప్పే పరీక్ష కూడా ఉంది. నిద్రలేచేసరికి స్ట్రోక్‌తో ఉన్న 578 మందిని మామూలు సీటీతోనే ఎంచుకుని గడ్డ కరిగించే టెనెక్టిప్లేజ్ ఇచ్చి చూశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. అక్కడ సీటీని డాక్టర్లు కళ్లతో చూశారు, యంత్రం లెక్కించలేదు. యంత్రం లెక్కించి ఉంటే ఫలితం వేరుగా వచ్చేదా అన్నది తేలాలంటే దాని సలహా ప్రకారం కొందరికి మందు ఇచ్చి, 90 రోజుల తర్వాత ఎవరు నడుస్తున్నారో చూసే పరీక్షలు కావాలి. స్కాన్ మీద టైము ఎంత దగ్గరగా చెప్పిందన్న మార్కులు ఆ పరీక్షకు బదులు కావు.

నా అభిప్రాయంలో ఇలాంటి యంత్రం ఒక్క అంకె చెప్పి ఊరుకోకూడదు. "సుమారు మూడు గంటలు, రెండు నుంచి ఏడు మధ్య ఉండొచ్చు" అని చెబితే డాక్టరుకు పరిస్థితి తెలుస్తుంది. "మూడు గంటలు" అని మాత్రమే చెబితే అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న యువ డాక్టరు ఆ అంకెను పట్టుకుని నిర్ణయం తీసేసుకుంటారు. రక్తస్రావమైతే జవాబు చెప్పాల్సింది ఆయనే.

యంత్రం వచ్చేలోపు

న్యూరాలజిస్టు లేని చోట కూడా ఈ వైద్యం చేయవచ్చని మన దేశంలోనే చూశాం. హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచి జిల్లా ఆసుపత్రుల్లోని సాధారణ వైద్యులు స్కాన్ చిత్రాలను ఫోన్లో నిపుణులకు పంపి, వాళ్ల సలహాతో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. కొండల్లో రోడ్డు ప్రయాణం రాయలసీమ కంటే కష్టం. అలాంటి ఏర్పాటు ఉన్నచోటే సీటీ లెక్కలు చేసే యంత్రం కూడా సులువుగా ఇమిడిపోతుంది. ఇంజెక్షన్, ఇచ్చే మనిషి, ఫోన్లో నిపుణుడు లేనిచోట టైము ఎంత బాగా లెక్కగట్టినా రోగికి ఒరిగేది ఉండదు.

ఇంటివాళ్ల దగ్గర ఏ మోడల్‌కూ లేని సమాచారం ఉంటుంది. "రాత్రి పడుకున్నాడు, తెల్లారి చూశాం" అన్న జవాబు దగ్గర ఆగకుండా కొంచెం తవ్వితే చాలాసార్లు ఏదో ఒకటి బయటపడుతుంది. నడి రాత్రి ఒంటికి పోయడానికి లేచాడా? పొలం మోటారుకు కరెంటు వచ్చిందని తెల్లవారుజామున వెళ్లి స్విచ్ వేసి వచ్చాడా? పక్కింటి జేజి పాలు పిండటానికి లేచినప్పుడు పలకరిస్తే బదులిచ్చాడా? ఫోన్లో కాల్ లిస్టు తీసి చూడండి. 4 గంటల 20 నిమిషాలకు బెంగళూరులో ఉన్న కొడుకుతో మాట్లాడినట్టు కనిపిస్తే, కొడుక్కి ఫోన్ చేసి "అప్పుడు మీ నాయన మాట బాగుందా?" అని అడగండి. ఆ ఒక్క మాట కేస్ షీట్ మీది 11 గంటలను మూడు గంటల 40 నిమిషాలు చేస్తుంది. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆఖరున చూసిన మనిషినే వెంట తీసుకురండి. ఆయన ఊళ్లో ఉండిపోయి, ఏమీ తెలియని అల్లుడు రోగి వెంట రావడం తరచూ జరిగే పొరపాటు.

ఇంకో సంగతి. పావురం రక్తం పూయడం, పసరు తాగించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. చేసేవాళ్లు ప్రేమతోనే చేస్తారు, అది నాకు తెలుసు. కానీ పక్షవాతం వచ్చినప్పుడు గొంతు సరిగ్గా మింగలేదు. తాగించిన పసరు, నీళ్లు, కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. దానికి తోడు ఆ మందు కోసం పోయిన రెండు గంటలను ఏ స్కానూ వెనక్కి తేలేదు. నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేసి, సీటీ ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లాలి.

ఆసుపత్రుల వైపు నుంచి ఇప్పుడే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. మన మనుషుల మీద ఏ మోడల్ ఎంత పనిచేస్తుందో పరీక్షించాలంటే మన స్కాన్లు, వాటి పక్కన నమ్మదగిన సమయాలు కావాలి. స్కాన్ తీసిన టైమును స్కానరే రాసుకుంటుంది. మిగతా రెండూ మనుషులు రాయాలి: చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం ఒకటి, లక్షణాలు మొదట గమనించిన సమయం ఇంకొకటి. ఈ రెండూ వేరు. చాలా కేస్ షీట్లలో "ఉదయం నుంచి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల క్యాజువాలిటీల్లో ఆ రెండు సమయాలకు రెండు గళ్లు పెట్టి, ఎవరు చెప్పారో కూడా పక్కన రాసి, మూడు నెలల తర్వాత ఆ మనిషి ఎలా ఉన్నాడో ఫోన్ చేసి నమోదు చేస్తే, లండన్ మోడల్‌ను ఇక్కడ పరీక్షించడానికి కావలసిన సరంజామా తయారైనట్టే. దానికి కొత్త యంత్రం ఏదీ కొనక్కర్లేదు.